అంతర్జాతీయ చట్టం చదివి ఏం చేస్తాం?



నేను లాయర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా ఎల్.ఎల్.ఎం.లో అంతర్జాతీయ చట్టం తీసుకోవచ్చా అని మీలో చాలామంది అడుగుతున్నారు కాబట్టి నాకు తోచింది చెప్తాను. "అది చదివి ఏ జెనీవాకో, హేగ్‌కో పోతావా? జిల్లా కోర్టులో ఏం పనికొస్తుంది?" అంటారు సీనియర్లు. "ముందు పెళ్లి సంగతి చూడు" అంటారు ఇంట్లోవాళ్లు.

ఒక్క కేసు చూద్దాం. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే గ్రామ కార్యకర్త, బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. 1995లో కింది కోర్టు నిందితుల్ని ఆ నేరం నుంచి విడుదల చేసింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల్ని ఆపే ప్రత్యేక చట్టం అప్పటికి లేదు. స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకెళ్లాయి. చట్టం లేనిచోట దేన్ని పట్టుకోవాలి? స్త్రీలపై వివక్షను నిర్మూలించాలనే 'సీడా' ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించింది, మన దేశం 1993లో ధ్రువీకరించింది. దాని 11వ అధికరణం ఉద్యోగంలో సమానత్వం గురించి చెప్తుంది. పనిచోట లైంగిక వేధింపు వివక్షేనని సీడా కమిటీ 1992లో తన 19వ సిఫార్సులో అంది. కోర్టు వీటిని మన రాజ్యాంగంలోని సమానత్వ, జీవించే హక్కులతో కలిపి చదివి 1997 ఆగస్టు 13న 'విశాఖ' తీర్పు ఇచ్చింది. ఇది మన విశాఖపట్నం కాదు, పిటిషన్ వేసిన సంస్థల్లో ఒకదాని పేరు. 2013లో చట్టమే వచ్చింది.

1999లో గీతా హరిహరన్ కేసులోనూ సుప్రీంకోర్టు సీడాను ప్రస్తావించి, తండ్రి బతికుండగా కూడా తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావచ్చంది. ఇది రోజూ జిల్లా కోర్టుల్లో నలిగే సమస్య కాదా?

ఒడంబడికలో ప్రభుత్వం దేనికి ఒప్పుకుంది, ఎక్కడ వెనక్కి తగ్గింది అని చదవడం ఈ చదువు నేర్పుతుంది. సీడాకు ఒప్పుకుంటూనే, మతవర్గాల వ్యక్తిగత వ్యవహారాల్లో వారి చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోనని మన ప్రభుత్వం ప్రకటించింది. ఆ వాక్యం తెలిసిన లాయరుకు కుటుంబ చట్టంలో పోరాటం ఎక్కడుందో తెలుస్తుంది.

కానీ ఈ చదువు ఎవరికి అందుతోంది? ఫీజు కట్టగలిగి, ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగినవాళ్లకే ఎక్కువ. చదివినవాళ్లంతా ఢిల్లీకో, విదేశాలకో పోతే ఆ జ్ఞానం అక్కడే ఆగిపోతుంది. 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఇళ్లలో పనిచేసే స్త్రీలు సైతం అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఆ కమిటీల్లో చట్టం తెలిసిన స్త్రీలు కూర్చోవాలి.

విశాఖ తీర్పు మనందరికీ రక్షణ తెచ్చింది. భన్వరీదేవి కేసులో 1995 నాటి తీర్పు మాత్రం దానివల్ల మారలేదు. మీరు ఈ చదువుకు వెళ్లేటప్పుడు ఆ బాకీని గుర్తుపెట్టుకోండి. చదివింది తెలుగులో చెప్పండి, పిటిషన్లలో రాయండి.