సీట్లు పెరిగాయి, మాస్టార్లేరీ?



ఇంజనీరు కానూరి లక్ష్మణరావు గారి పేరున మాట్లాడమంటే ఎవరైనా నాగార్జునసాగర్‌తోనే మొదలుపెడతారు. నేనూ అంతే. కాకపోతే ఆనకట్ట ఎత్తు గురించి కాదు, అందులో వాడిన రాయి గురించి. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి దేశంలో సిమెంటుకు కటకట. యంత్రాలు తెప్పించుకుందామంటే విదేశీ మారకద్రవ్యం ఖర్చవుతుంది. పనిచేసే చేతులకు మాత్రం కొదవ లేదు. అందుకే కాంక్రీటు కాదని రాతికట్టడానికి మొగ్గారు. చేతిలో ఉన్నదేమిటో చూసుకుని డిజైన్ గీశారన్నమాట. ఇంజనీర్ల కొరత అనగానే మనం ఆ లెక్క ఎందుకు వెయ్యమో నాకు అంతుపట్టదు.

అసలు మన ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టిందే కొరతలోంచి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పునర్నిర్మాణానికి ఇంజనీర్లు చాలరని మద్రాసు ప్రభుత్వం 1946లో మనవైపు రెండు కాలేజీలు పెట్టింది. ఒకటి విశాఖపట్నం పేరుతో మొదలై కాకినాడలో స్థిరపడింది. రెండోదైన అనంతపురం కాలేజీకి సొంత చోటు కూడా లేదు. మద్రాసు గిండీలో తరగతులు నడుపుకుని 1948లో ఊరు చేరింది. 1959లో వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఆ తర్వాత ఏమైంది? 1960ల మధ్యలో కరువులు, మాంద్యం, ప్రణాళికకు విరామం. పట్టాలు చేతబట్టుకుని ఇంజనీర్లు ఉద్యోగాల కోసం తిరిగారు. 1968లో ప్రభుత్వమే సీట్లకు కోత పెట్టింది. కొరత కాస్తా పదేళ్లు తిరక్కుండా మిగులైపోయింది. ఇవాళ్టి కొరత చూసి చేర్చుకున్న పిల్లవాడు నాలుగేళ్ల తర్వాత గానీ బయటికి రాడు. అప్పటికి ఏ కొరత ఉంటుందో చెప్పగలవాళ్లు ఈ సభలో ఉంటే నేను కూర్చుంటాను, వారే మాట్లాడవచ్చు.

కొరతను తెలివిగా ఎదుర్కొన్న సందర్భం ఒకటుంది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లింది. కంప్యూటర్లు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. ఎలక్ట్రానిక్స్ కమిషన్ తరఫున ఆచార్య వి. రాజారామన్ కమిటీ ఈ సంగతి పరిశీలించింది. ఇంజనీరింగ్ సీట్లే పెంచండని ఊరుకోలేదు. దేశంలో దండిగా ఉన్నది ఎవరు? సైన్సు, లెక్కలు, కామర్సు డిగ్రీ చదివిన పిల్లలు. వాళ్ల కోసం ఎంసీఏ అనే కొత్త కోర్సును రూపొందించారు. మూడేళ్ల చదువు, అందులో అకౌంట్లు, మేనేజ్‌మెంట్ కూడా, చివర ఆరు నెలలు కంపెనీలో పని. 1990ల సాఫ్ట్‌వేర్ వెల్లువలో మన ఊళ్ల నుంచి వెళ్లినవారిలో ఎందరో ఈ దారినే వెళ్లారు. నా దృష్టిలో ఇది సాగర్ రాతికట్టడానికి సాటివచ్చే డిజైన్. 2020లో ఆ కోర్సును రెండేళ్లకు కుదించారు. అది వేరే కథ.

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మాటేమిటంటారా? మైత్రీవనం చుట్టూ గోడలనిండా బోర్డులు. మార్కెట్లో ఏ పేరు మోగితే మర్నాడు ఆ పేరు బోర్డెక్కుతుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. నెలల్లో తీరాల్సిన కొరతను అదే తీరుస్తుంది. యూనివర్సిటీ ఆ పరుగులో దానితో పోటీకి దిగడమే తప్పు.

ఇప్పుడు జరుగుతున్నది అదే. 2024-25 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితిని ఎత్తేసింది. సివిల్, మెకానికల్ సీట్లు కంప్యూటర్ సైన్సులోకి మారిపోతున్నాయి. కంప్యూటర్ సీట్ల పెంపు కోసం తెలంగాణలో కాలేజీలు హైకోర్టు దాకా వెళ్లాయి. ఆ మధ్య ఒక జిల్లా కాలేజీకి వెళ్లాను, పేరు వద్దు. వర్క్‌షాపులో లేత్ మిషన్ల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. పక్క హాల్లో అరవై మంది పిల్లలు, బోర్డు మీద లింక్డ్ లిస్టు. చెబుతున్న మాస్టారు పదిహేనేళ్లు థర్మోడైనమిక్స్ చెప్పిన మనిషి. ఒక పిల్ల లేచి, మధ్యలో నోడ్ తీసేస్తే మెమరీ ఏమవుతుందని అడిగింది. మంచి ప్రశ్న. ఆయన కాసేపు బోర్డు వైపు చూసి, "రేపు చెబుతానమ్మా" అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. రెండు వారాల ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చి క్లాసులోకి పంపినవారిని తప్పుపడతాను.

ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని నియమం. సంఖ్య అయితే కాగితం మీద సరిపోతుంది. మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు? గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవాడికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం. బీటెక్ అవగానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన స్నేహితుడికి మొదటి జీతమే దానికి రెండింతలు. ఇక పాఠం చెప్పడానికి ఎవడు మిగులుతాడు?

చిప్‌ల రంగంలో ఒక మంచి పని జరిగింది. అయిదేళ్లలో 85,000 మంది ఇంజనీర్లను తయారుచేయాలని కేంద్రం పథకం పెట్టింది. కోట్లు ఖరీదు చేసే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ప్రతి కాలేజీనీ కొనుక్కోమనలేదు. బెంగళూరులోని ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఉంచి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పనిముట్టును పంచుకోగలిగినవాళ్లం మాస్టారిని పంచుకోలేమా? ఒక యూనివర్సిటీ కింద పది కాలేజీలకు కలిపి కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ బాగా చెప్పే నలుగురుంటే, ఆ నలుగురూ పది చోట్లా తిరగవచ్చు.

అంతకంటే ముఖ్యం ఆ థర్మోడైనమిక్స్ మాస్టారు. ఆయన మన దగ్గర ఉన్న రాయి. లెక్కలు వచ్చు, క్లాసు నడపడం వచ్చు, పిల్లల ముఖం చూసి అర్థమైందో లేదో పట్టుకోవడం వచ్చు. పనిలో ఉన్న అధ్యాపకులను జీతంతో పై చదువులకు పంపే క్యూఐపీ పథకం 1970లోనే వచ్చింది. దాన్ని బ్రాంచి మారే మాస్టార్లకు వర్తింపజేసి, ఒక పూర్తి సంవత్సరం కూర్చుని చదువుకోనివ్వండి. ఆ ఏడాది జీతాన్ని సీట్లు పెంచుకున్న కాలేజీయే భరించాలి. ఆయన తిరిగొచ్చేదాకా పెంచిన సీట్లలో అడ్మిషన్లు ఆపాలి.

అధ్యాపకుల వివరాలు కాలేజీ వెబ్‌సైట్లో పెట్టాలన్న నియమం ఇప్పటికే ఉంది. వాటిని వెతుక్కుని చదివే తల్లిదండ్రులెవరు? ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే, బ్రాంచి కోడ్ పక్కన, ఆ బ్రాంచిలో పాఠాలు చెప్పేది ఎవరు, వారు ఏ బ్రాంచిలో చదివారు అన్నది కనబడేలా చెయ్యండి. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకూ ఇది ఈ వేసవిలో అయ్యే పనే.