బ్రాడ్‌బ్యాండ్ బేరం: కాంట్రాక్టు ముగిసే ముందు ఒక్క ఫోన్ కాల్
(సభ్యుల సమావేశంలో మా వాలంటీర్ల బృందం తరఫున చేసిన ప్రసంగం)

హారతి అయింది, కింద హాల్లో పులిహోర సిద్ధంగా ఉందని మాకూ తెలుసు. అందుకని ఎక్కువసేపు నిలబెట్టం.

ఈ ఏడాది మేము కొందరు సభ్యుల ఇళ్ళల్లో ఫోన్లు, కంప్యూటర్లు సరిచేయడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ బ్రాడ్‌బ్యాండ్ బిల్లులు కూడా చూశాం. కాంట్రాక్టు ఎప్పుడో ముగిసిపోయింది, ధర పెరిగింది, డైరెక్ట్ డెబిట్ మాత్రం నెలనెలా పోతూనే ఉంది. మాకు బాగా గుర్తుండిపోయింది ఒక పెద్దావిడ సంగతి. అకౌంటు ఆవిడ భర్తగారి పేరు మీద ఉంది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. కంపెనీ పంపే ఈమెయిళ్ళన్నీ ఆయన చిరునామాకే వెళ్తున్నాయి, ఆ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఇండియాలో ఉన్న చెల్లెలితో రోజూ మాట్లాడేది ఆ లైను మీదే కాబట్టి, కదిలిస్తే ఎక్కడ తెగిపోతుందోనని ఆవిడ భయం. అకౌంటు ఆవిడ పేరుకి మార్పించి, ధర తగ్గించడానికి రెండు ఫోన్ కాల్స్ పట్టాయి. లైను ఒక్క గంట కూడా ఆగలేదు.

ముందు ఈ దేశంలో మనకున్న హక్కులు చెప్పుకుందాం. ఇక్కడ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్. 2020 ఫిబ్రవరి నుంచి దాని నియమం ప్రకారం, కాంట్రాక్టు ముగియడానికి 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీ మనకి నోటీసు పంపాలి. ముగిసే తేదీ, ఇప్పటి ధర, తర్వాత పడబోయే ధర, వాళ్ళ దగ్గరున్న మంచి డీల్స్, కొత్త కస్టమర్లకి ఇచ్చే ధరలతో సహా అందులో ఉండాలి. ఆ ఈమెయిలు చాలామందికి ప్రకటనలాగే కనిపిస్తుంది, చదవకుండా తీసేస్తాం. ఇంటికెళ్ళాక ఇన్‌బాక్సులో మీ కంపెనీ పేరుతో ఒకసారి వెతకండి. దొరక్కపోతే కంపెనీ యాప్‌లోనో, ఫోన్ చేసో ముగింపు తేదీ కనుక్కోండి. ఆ తేదీకి నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పండగలకి నెల ముందే టికెట్లు కొనే వాళ్ళం, ఇది మనకి కొత్తేమీ కాదు.

ఇక బేరం. కోఠీలో బేరం ఆడి పెరిగిన వాళ్ళు కూడా ఇక్కడికి వచ్చాక ఫోన్‌లో అడగడానికి మొహమాటపడతారు. "అలా అడిగితే బాగుంటుందా బాబూ" అని ఒక పెద్దాయన మమ్మల్ని నిజంగానే అడిగారు. అడగందే అమ్మయినా పెట్టదు కదండీ. వెళ్ళిపోదామనుకునే కస్టమర్లతో మాట్లాడడానికే ఈ కంపెనీల్లో వేరే విభాగం ఉంటుంది. తగ్గించే అధికారం ఎక్కువగా వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఫోన్‌లో మెనూ వినిపించినప్పుడు "వెళ్ళిపోవాలనుకుంటున్నారా" అన్న ఎంపిక నొక్కితే అక్కడికి చేరతారు.

చేసే ముందు కాగితం మీద రెండు అంకెలు రాసుకోండి. మీ పోస్ట్‌కోడ్‌కి మరో కంపెనీ ఇస్తున్న ధర ఒకటి, మీ కంపెనీయే కొత్తవాళ్ళకి ఇస్తున్న ధర ఇంకొకటి. ఈ అంకెలు లేకుండా "కాస్త తగ్గించండి" అంటే ఒకటో రెండో పౌండ్లు తగ్గించి సరిపెడతారు. అంకె చెప్పి, మర్యాదగా, "దీనికి మీరు దగ్గరగా రాగలరా?" అని అడిగి ఊరుకోండి. అవతలి వాళ్ళు కీబోర్డు కొడుతున్నంతసేపూ మాట్లాడకండి. మనవాళ్ళకి కష్టమైన పని ఇదే, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి మనమే "పోనీలెండి" అనేస్తాం. మొదటి ధరకి ఒప్పుకోకుండా "ఆలోచించుకుని చెప్తాం" అనండి. చీరల కొట్టు మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచినట్టే, ఇక్కడా చాలాసార్లు పిలుస్తారు. పిలవకపోతే నిజంగానే దిగి వెళ్ళిపోవచ్చు.

వెళ్ళడం ఇప్పుడు తేలిక. 2024 సెప్టెంబర్ 12 నుంచి "వన్ టచ్ స్విచ్" అనే పద్ధతి వచ్చింది. కొత్త కంపెనీకి చెప్తే చాలు, పాత కంపెనీతో మనం మాట్లాడక్కర్లేదు. కాంట్రాక్టు మధ్యలో మారితే ఎంత కట్టాలో పాత కంపెనీ ముందే తెలియజేయాలి. మారే రోజు దాటాక నోటీసు గడువు పేరుతో డబ్బు తీసుకోకూడదు. పైగా బీటీ, స్కై, టాక్‌టాక్, వోడాఫోన్ వంటి కంపెనీలు చాలా చోట్ల ఓపెన్‌రీచ్ తీగల మీదే సేవ ఇస్తాయి. అలాంటప్పుడు కంపెనీ మారినా వీధిలోంచి వచ్చే తీగ సాధారణంగా అదే, రూటరు మాత్రం మారుతుంది. ఒక్క జాగ్రత్త: పాత కంపెనీ ఇచ్చిన ఈమెయిలు చిరునామాని బ్యాంకుకీ, డాక్టరు క్లినిక్‌కీ ఇచ్చి ఉంటే, మారే ముందు వేరే చిరునామా ఇచ్చేయండి.

ధర అంటే మొదటి నెల ధర కాదు. ఇక్కడ కాసేపు లెక్క చేద్దాం, మా ఉద్యోగాల అలవాటు కొద్దీ. ఇంతకుముందు చాలా కాంట్రాక్టుల్లో ద్రవ్యోల్బణానికి 3.9 శాతం కలిపి ఏటా పెంచేవారు. 2023 వసంతంలో అది 14.4 శాతం అయి చాలామందికి గట్టిగా తగిలింది. 2025 జనవరి 17 తర్వాత చేసుకునే కాంట్రాక్టుల్లో అలా శాతాల్లో రాయకూడదు, ఎంత పెరుగుతుందో పౌండ్లు, పెన్సుల్లో ముందే చెప్పాలి. అయితే చెప్పింది మనం చదవాలి. నెలకి 26 పౌండ్లు, ప్రతి ఏప్రిల్‌లో 4 పౌండ్లు పెంపు, 24 నెలలు అనుకోండి. నవంబరులో మొదలుపెడితే ఐదు నెలలు 26 చొప్పున, పన్నెండు నెలలు 30 చొప్పున, ఏడు నెలలు 34 చొప్పున, మొత్తం 728 పౌండ్లు. మరో కంపెనీ పెంపు లేకుండా 29 అంటే మొత్తం 696. ఎక్కువలా కనిపించినదే 32 పౌండ్లు తక్కువ. అందుకే ఫోన్‌లో "నెలకెంత" అనకండి, "కాంట్రాక్టు మొత్తానికి ఎంత" అని అడగండి. సరే అనే ముందు కాంట్రాక్టు సారాంశం ఈమెయిల్లో పంపమనండి, పంపడం వాళ్ళ బాధ్యత. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఒప్పుకున్నాక కూడా మనసు మార్చుకోవడానికి 14 రోజుల గడువుంటుంది.

స్పీడు గురించి ఒక్క మాట. వీడియో కాల్‌కి నాలుగైదు మెగాబిట్లు సరిపోతాయి. పిల్లల ఆటలు, మన సీరియళ్ళు, ఇంటి నుంచి ఆఫీసు పని అన్నీ కలిపినా మామూలు కుటుంబానికి 150 మెగాబిట్లు పుష్కలం. 900 అమ్మాలని చూస్తారు. మేము వెళ్ళిన ఒకటి రెండు ఇళ్ళల్లో అసలు సమస్య స్పీడు కాదు, రూటరు మెట్ల కింది అరలో పాత సూట్‌కేసుల వెనక ఉంది. దాన్ని బయటికి తీస్తే చాలు.

పెద్దవాళ్ళున్న ఇళ్ళకి ఇది ముఖ్యం. పాత రాగి తీగల ల్యాండ్‌లైన్లు 2027 జనవరి కల్లా ఆగిపోతాయి, ఫోను కూడా బ్రాడ్‌బ్యాండ్ మీదికే వస్తోంది. కరెంటు పోతే అలాంటి ఫోను మోగదు. ఇంట్లో ఎవరైనా మెడలో అత్యవసర బటన్ వేసుకుంటుంటే, లేదా మొబైల్ సిగ్నల్ లేక ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడుతుంటే, బేరం మొదలుపెట్టే ముందే కంపెనీకి చెప్పండి. కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర నంబరుకి ఫోన్ చేయగలిగే ఏర్పాటు అలాంటి వాళ్ళకి చేయాల్సింది కంపెనీయే. డబ్బు ఆదాకి ఈ సంగతి మర్చిపోతే లాభం లేదు.

పెన్షన్ క్రెడిట్ గానీ యూనివర్సల్ క్రెడిట్ గానీ వస్తున్నవాళ్ళకి చాలా కంపెనీల్లో సోషల్ టారిఫ్ అని తక్కువ ధర ప్యాకేజీలున్నాయి. అడగడానికి నామోషీ పడకండి. మీరు వద్దన్నారని ఆ డబ్బు ఇంకెవరికో పోదు, కంపెనీ దగ్గరే ఉంటుంది.

ఇంకొకటి. "మీ బ్రాడ్‌బ్యాండ్ కాంట్రాక్టు అయిపోతోంది, సగం ధరకి ఇస్తాం" అంటూ వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసేవాళ్ళలో మోసగాళ్ళూ ఉన్నారు. తెలుగులోనో హిందీలోనో ఆప్యాయంగా మాట్లాడినా సరే, ఓటీపీ చెప్పకండి, కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. పెట్టేసి, బిల్లు మీద ఉన్న నంబరుకి మీరే చేయండి.

వచ్చే నెల మొదటి రెండు ఆదివారాలు భోజనాల తర్వాత లైబ్రరీ గదిలో మేము కూర్చుంటాం. చివరి బిల్లు తెచ్చుకోండి. అకౌంటు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు కూడా రావాలి, ఎందుకంటే కంపెనీ వాళ్ళతోనే మాట్లాడుతుంది. భర్త పేరు మీదుంటే ఆయన్ని వంటగది సేవ నుంచి అరగంట విడిపించే పూచీ మాది.