పెద్దమ్మ రిపోర్ట్‌లో నోరు తిరగని పేరు: అది క్యాన్సరేనా?

టాపిక్ వినగానే అబ్బాయిలు స్కిప్ కొట్టొద్దు. మీ ఇంట్లోనూ అమ్మ ఉంటుంది కదా.

మా పెద్దమ్మకి 63 ఏళ్లు. పీరియడ్స్ ఆగిపోయి పదేళ్లు దాటింది. మళ్లీ కొంచెం కొంచెం బ్లీడింగ్ మొదలైంది. "వేడి చేసిందేమోలే" అనుకుని మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి మా అమ్మ చెవిన వేసింది. స్కాన్ తీస్తే గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది. క్యాన్సర్ కావచ్చు, బయాప్సీ చేయాలన్నారు. రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

రిపోర్ట్‌లో ఉన్న పేరు: జాంథోగ్రాన్యులోమాటస్ ఎండోమెట్రైటిస్. ఫోన్‌లో టైప్ చేయడానికే నాలుగుసార్లు తప్పు పడింది.

ఇది క్యాన్సర్ కాదు. చాలా అరుదుగా వచ్చే వాపు జబ్బు. 'జాంథోస్' అంటే గ్రీకులో పసుపు రంగు. అసలేం జరుగుతుందంటే, వయసు మీద పడ్డాక కొందరిలో గర్భసంచి ముఖద్వారం ఇరుకైపోతుంది. లోపలి రక్తం, చీము బయటికి రాలేక నిలిచిపోతాయి. మన ఒంట్లో చెత్త ఊడ్చే కణాలుంటాయి, మాక్రోఫేజ్‌లు అంటారు. అవి పాడైన కణాల్లోని కొవ్వును మింగి మింగి నురగలా ఉబ్బుతాయి. గుంపులుగా చేరి, మామూలు పొర ఉండాల్సిన చోట తిష్ఠ వేస్తాయి. ఎక్కువగా మెనోపాజ్ దాటినవాళ్లలోనే వస్తుంది. రేడియేషన్ ట్రీట్‌మెంట్ తీసుకున్న కొందరిలోనూ కనిపించింది.

చిక్కంతా ఎక్కడంటే, స్కాన్‌లో ఇది క్యాన్సర్‌లాగే కనిపించొచ్చు. ఒక్కోసారి రెండూ కలిసే ఉండొచ్చు కూడా. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నేను నేర్చుకున్నది ఒకటే: లాగ్ చూడకుండా బగ్ ఏంటో తేల్చేయకూడదు. ఇక్కడ ఆ లాగ్, మైక్రోస్కోప్ కింద పెట్టిన బయాప్సీ ముక్క.

ట్రీట్‌మెంట్ అంటే చీము తీసేయడం, యాంటీబయాటిక్స్, చాలామందికి గర్భసంచి తొలగించడం. పెద్దమ్మకి ఆపరేషనే చేశారు. తీసిన గర్భసంచిని మళ్లీ ల్యాబ్‌లో పరీక్షించారు. క్యాన్సర్ లేదు. ఇప్పుడు బాగానే ఉంది, నన్ను తిడుతోంది కూడా.

కానీ ఆ మూడు నెలలు నన్ను వదలట్లేదు. అది నిజంగా క్యాన్సరే అయ్యుంటే? పీరియడ్స్ పూర్తిగా ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా గైనకాలజిస్ట్‌కి చూపించాలి. వేడి, అలసట అని సర్దుకోవద్దు. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ అది తేల్చాల్సింది డాక్టర్, మనం కాదు.

పెద్దమ్మని అడిగితే, "ఇది నీతో ఎలా చెప్పను నాన్నా" అంది. అందుకే మనమే ముందు అడగాలి.

సబ్‌స్క్రైబ్ తర్వాత కొట్టొచ్చు. ముందు అమ్మకి ఫోన్ కొట్టండి. ఉంటా, బై.