వెన్నెముకకు వ్యాసపీఠము



పురాణము చదువువారు గ్రంథమును వ్యాసపీఠముపై నుంతురు. అది గ్రంథమునకు గౌరవము, మెడకు రక్షణము.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు ఒడిలోని చాటపైకి గంటలకొలది వంగియుందురు. సిరిసిల్ల నేతగాడు తెగిన పోగు నతుకుటకు మరమగ్గముపైకి మాటిమాటికి వంగును. మనిషి తల సుమారు 5 కిలోల బరువు. అది ముందునకు వ్రాలినకొలది మెడ కండరములపై భారము హెచ్చును. వంగి కూర్చున్నచో నడుమునందలి వెన్నుపూసల నడిమి మెత్తలపై ఒత్తిడి పెరుగును.

కావున చాటను పీటపై కెత్తుడు. వీపును గోడకు చేర్చుడు. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయుడు. వేయి బీడీలకింత యని కూలి పొందు తల్లికి లేచిన క్షణము నష్టముగనే తోచును. కాని నడుము పట్టినచో ఆనాటి కూలియే పోవును.

గ్రంథమునకు దక్కిన పీఠము పనిచేయువారికిని దక్కవలెను.