కోఠీ రెసిడెన్సీ చరిత్ర



పరరాజు పంపిన రాయబారికి విడిది యిచ్చి గౌరవించుట రాజధర్మము. రాయబారి వచ్చి, మాట చెప్పి, మాట విని, మరలిపోవలెను. అట్లు మరలిపోక, ఏకై వచ్చి మేకై కూర్చున్న రాయబారి కథ హైదరాబాదు నగరమున నొకటి గలదు. దానిని నేను నేడు మీకు మనవి చేయదలచితిని.

మూసీనది కుత్తరపుటొడ్డున, పాతనగరమున కెదురుగా, ఆఱు మహాస్తంభములతో నొక మందిరమున్నది. జనులు దానిని కోఠీ యందురు. చుట్టుపట్ల పేటకును ఆ పేరే నిలిచినది. నిజాము దర్బారునకు ఇంగ్లీషు కంపెనీవారు పంపిన రాయబారికి రెసిడెంటని పేరు. ఆ రెసిడెంటు కొఱకు కట్టినదే యీ మందిరము.

మొదటి రెసిడెంటు హాలెండు 1779లో వచ్చెను. గుంటూరు సర్కారును గూర్చి సంప్రదించుట అతని పనులలో నొకటి. 1788లో ఆ సీమ కంపెనీ వశమయ్యెను. పిదప 1798లో, కిర్క్‌పాట్రిక్కు రెసిడెంటుగా నున్నప్పుడు, నిజాము అలీఖాను కంపెనీతో సంధి చేసికొనెను. కంపెనీ సైన్యము రాజ్యమునకు కాపలా యుండును. దాని జీతము నిజాము చెల్లించును. ఫ్రెంచి అధికారుల చేతిక్రింది పటాలములను తొలగించును. కాపలావాని జీతమే కదా యని తోచును. కాని రెండేండ్లకే, 1800లో, ఆ జీతమునకు బదులుగా బళ్లారి, కడప మొదలగు సీమలను నిజాము కంపెనీకి ధారవోసెను. దత్తమండలములను పేరు అందుచేతనే వచ్చినది. వానిలోని తెలుగునేలకే 1928లో రాయలసీమ యని పేరిడిరి.

కోఠీ నిర్మాణమును గూర్చి యొక ముచ్చట చెప్పుదురు. కిర్క్‌పాట్రిక్కు తన కోరిన స్థలము పటమును పెద్ద కాగితముపై గీయించి అలీఖానునకు చూపెను. ప్రభువు వలదనెను. రాజ్యముల పటములను మాత్రమే యెఱిగిన ప్రభువు, ఇంత పటమునకు ఎంత నేల పోవునో యని జంకెనని మీర్ ఆలము నవ్వుచు తెలిపెనట. కిర్క్‌పాట్రిక్కు అదే స్థలమును చిన్న చీటిపై గీయించి మరల చూపగా, ప్రభువు వెంటనే సమ్మతించెను! రస్సెలను ఇంజనీరు మందిరమును రూపొందించెను. కట్టుబడి వ్యయమును నిజామే భరించెను. కిర్క్‌పాట్రిక్కు ఈ దేశపు దుస్తులు ధరించి, ఖైరున్నిసా యను కులీనస్త్రీని వివాహమాడి, 1805లో కలకత్తాలో మరణించెను.

తరువాతి రెసిడెంట్లు దివానుల నియామకములందును చేయి పెట్టిరి. సైన్యపు ఖర్చు అప్పుగా పెరిగి, 1853లో బీరారు సీమ కంపెనీ పాలనలోనికి పోయెను. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అలాఉద్దీను అనుచరులతో వచ్చి కోఠీపై బడిరి. ఫిరంగుల యెదుట వారు నిలువజాలకపోయిరి. మౌల్వీని అండమానుకు పంపిరి. తుర్రెబాజ్ ఖాను చెఱనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను చెంత హతుడయ్యెను.

1947లో ఇంగ్లీషువారు వెడలిపోగా రెసిడెంటు పదవియు ముగిసెను. 1949లో స్త్రీల కళాశాల ఆ మందిరమున ప్రవేశించెను. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమయ్యెను.

పెద్దలకు నేను చెప్పవలసినదేమున్నది? పెద్ద కాగితమును జూచి జంకిన ప్రభువు చిన్న చీటికి సమ్మతించెను. కోటలకు వెఱవనివారు జీతపు పద్దునకు సీమలనిచ్చిరి. పత్రము కొలత చూడరాదు. అందలి షరతు చూడవలెను. అట్టి పత్రములను చదివి తెలిసికొను విద్యయే నేడా మందిరపు ఆవరణమున మన ఆడబిడ్డలకు లభించుచున్నది.