పాల చీటీ చూసినట్లే పలక కూడా చూడండి

(బోధన్ ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. నేను బడిపంతులుని. అయితే మీ పాల కేంద్రంలో ఒకటి గమనించాను. పొద్దున పాలు పోసి ఎవరూ ఊరికే వెళ్లరు. కొలత చూస్తారు, వెన్న శాతం అడుగుతారు, చీటీ తీసుకుంటారు. కొంచెం తగ్గినా ఎందుకు తగ్గిందని అడుగుతారు. మరి బిడ్డ చదువు? ఏడాదికోసారి పాసా, ఫేలా అని అడుగుతాం. అప్పటికి కాలం దాటిపోతుంది.

"మాకు చదువు రాదు సారూ, మేమేం చూస్తాం" అని చాలామంది అంటారు. వెన్న పరీక్ష యంత్రం లోపల ఏముందో మనకు తెలియదు. అయినా చీటీ అడగడం మానలేదు కదా! ఆ చీటీనే రాత్రి బిడ్డ చేతికివ్వండి, చదవమనండి. లీటరు 40 రూపాయలైతే మూడున్నర లీటర్లకు ఎంత అని అడగండి. అయిదో తరగతి బిడ్డ 140 అని చెప్పలేకపోతే మర్నాడే బడికి వెళ్లి పంతులుగారిని కలవండి. దీనికి తల్లికి చదువు రానక్కరలేదు, అడిగే అలవాటుంటే చాలు.

ఇది ఇప్పుడు ఎందుకు అవసరం? ఒకప్పుడు మన చెరకు పల్లెల్లో, చదువు రాకపోయినా శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో ఏదో ఒక పని దొరుకుతుందనే ధీమా ఉండేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తండ్రికున్న ధీమా కొడుకుకు లేదు. అయినా చెరకు నరికే రోజుల్లో పిల్లలను పొలానికి పిలుస్తూనే ఉన్నాం. బర్రె ఈనితే ఆడపిల్లను ఇంట్లో ఆపుతున్నాం. ఒక పూట పాలు పిండకపోతే బర్రె పాలు తగ్గుతాయని మీకు తెలుసు. వారం రోజులు బడి మానిన బిడ్డ చదువూ అంతే.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక బడిలో, పిల్లవాడు అల్లరి చేస్తేనే తండ్రికి కబురు పెట్టేవాణ్ణి. బాగా చదివాడని ఒక్కసారీ పిలవలేదు. బడి అంటే తిట్లు తినే చోటని ఆ తండ్రులు అనుకున్నారంటే, అందులో నా పాలు ఉంది.

2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, మహిళా సంఘాల అక్కలకు అధ్యక్షత ఇచ్చారు. మంచిదే. కాని కమిటీ ఒక్కటే చాలదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో పరిశోధకులు పరీక్షించి చూశారు, 2010లో ఫలితాలు ప్రకటించారు. ఊళ్లలో సభలు పెట్టి కమిటీ సంగతి చెప్పినందువల్ల పిల్లల చదువు మారలేదు. ఊరి యువకులకు చదివించే పద్ధతి నేర్పి, పిల్లలను రోజూ కూర్చోబెట్టినచోట, వచ్చిన పిల్లలకు చదవడం పట్టుబడింది. అంటే, పని చేసేది రోజువారీ శ్రద్ధ.

మన జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ అమ్మాయికి పదమూడేళ్లే. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. బిడ్డను పనికి కాక గురుకుల పాఠశాలకు పంపారు. ఆ పంపడమే పెద్ద సాయం.

కనుక నేను కోరేది మూడు పనులు. సాయంత్రం పాల పని పెద్దలే చూసుకుని, బిడ్డకు ఒక గంట విడిచిపెట్టండి. నెలకొకసారి బడికి వెళ్లండి. ప్రతి సంఘంలో చదువుకున్న యువకుడో, యువతో రోజూ ఒక గంట పిల్లలతో కూర్చునే ఏర్పాటు చేయండి. పాల కేంద్రం అరుగు చాలు.

పాలు ఏ పూటకాపూట కొలుస్తాం. బిడ్డ చదువును పరీక్షల నాటికి వదిలేయవద్దని మనవి.