నాటి గ్రహణము – నేటి పాఠము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పెద్దలను 1980 ఫిబ్రవరి 16వ తేదీని గురించి అడిగి చూడుడు. ఆనాడు సాయంకాలము నాలుగు గంటలు కావచ్చుచుండగా పట్టపగలే చీకటి క్రమ్మెను. చంద్రుని నీడ కర్ణాటక తీరమున మన దేశమున ప్రవేశించి, పాలమూరు, నల్లగొండ, ఖమ్మం సీమల మీదుగా ఒడిశా తీరమునకు సాగిపోయెను. ఈ మూడు ఊళ్ళును ఆ దారిలోనివే. సుమారు రెండు నిమిషములు సూర్యబింబము పూర్తిగా మరుగుపడెను.

ఆ రెండు నిమిషములును పెక్కు ఇండ్ల తలుపులు మూసియే యుండెను. ఊరగాయ జాడీలపై దర్భలు వేసిరి. పిల్లలను గడప దాటనీయలేదు.

అదే సమయమున హైదరాబాదుకు ఆగ్నేయముగా నున్న జపాల-రంగాపురములో, ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి వేధశాలయందు, మన శాస్త్రజ్ఞులును విదేశీయులును కలిసి ఆకాశమును పరిశీలించుచుండిరి. పాలమూరు సీమలోని పాలెంలో అమెరికా శాస్త్రజ్ఞులు తమ కెమెరాలను నిలిపిరి. వారు వెదకివచ్చినది సూర్యుని చుట్టునుండు కాంతివలయమును, అనగా కరోనాను. సూర్యుని ఉపరితలము వేడిమి సుమారు 5,500 డిగ్రీలు. కరోనా వేడిమి పది లక్షల డిగ్రీలకు పైమాట. పొయ్యికి దూరము జరిగిన కొలది వేడి తగ్గవలెను గదా! అచ్చట పెరుగుచున్నది. ఆ చిక్కుముడి నేటికిని పూర్తిగా వీడలేదు.

తెలుగునేలకు ఇట్టి అతిథులు క్రొత్త కాదు. 1868 ఆగస్టు 18న గుంటూరులో గ్రహణమును చూచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేకయే చూడగల పద్ధతిని మరునాడే కనుగొనెను.

అయితే, ఆకాశము మనది, నీడ మనది. పాఠము మన బడికి ఎంత చేరినది? అతిథి వచ్చి ఫోటోలు తీసికొని పోయినంతమాత్రమున సహకారము కాదు. ఆతిథేయుని బిడ్డయు నేర్చినప్పుడే అది సహకారము.

ఈ సత్యమును గుర్తించియే ఐక్యరాజ్యసమితి 1990లో, వర్ధమానదేశములయందే అంతరిక్షశాస్త్ర విద్యాకేంద్రములు నెలకొల్పవలెనని సంకల్పించెను. ఆసియా, పసిఫిక్ దేశముల కేంద్రము 1995లో మన డెహ్రాడూనులో వెలసినది. పొరుగుదేశముల యువకులు, యువతులు డెహ్రాడూను, అహమ్మదాబాదులలో ఉపగ్రహ చిత్రములను చదువుట, వాతావరణమును పరిశీలించుట, వార్తాప్రసారము మొదలగు విద్యలు నేర్చుచున్నారు. ఏ దేశపు పైరును, చెరువును ఆ దేశమువారే చదువుకొనగలుగుట దీని పరమార్థము. సాగరు ఎడమకాలువ క్రింది వరిమళ్ళు ఉపగ్రహమునకు పంపు కాంతియందు పైరు ఆరోగ్యము వ్రాసియుండును. చదువగల కన్ను కావలెను.

ఆ కన్ను తెరచుకొనునది ఊరిబడిలోనే. అందుకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక అట్టకు సూదితో రంధ్రము చేసి, సూర్యునికి వీపుపెట్టి నిలిచి, ఆ రంధ్రము గుండా వచ్చు వెలుగును తెల్లకాగితముపై పడనిండు. గ్రహణబింబము దానిపై కనిపించును. సూర్యుని వైపు మాత్రము ఉత్తకంటితో చూడరాదు.

2034 మార్చి 20న సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశపు ఉత్తరపు కొసన, లడఖ్ ప్రాంతమున కనిపించును. మన ఊళ్ళలో అది పాక్షికముగానే తోచును. నేడు పలక పట్టిన పిల్లలు అప్పటికి పై తరగతులలో నుందురు. ఆనాడు వారిని గదిలో మూయక, ఉపాధ్యాయులు బడి ఆవరణకు పిలుతురు గాక! 1980లో తలుపుల వెనుక నుండిన తాతలును, అవ్వలును వారి ప్రక్కన నిలిచి ఆ కాగితముపై బింబమును చూతురు గాక!